నెక్ విప్పి చూడనిదే అడ్వాన్సు ఇవ్వకు

అల్లుడూ,

గవర్నర్‌పేటలో 1966 నాటి ఫెండర్ కంపెనీ జాజ్ బేస్ గిటార్ ఉందని, ఆదివారం వెళ్లి అడ్వాన్సు ఇచ్చేస్తానని రాశావు. వాళ్ల తాతగారు దాన్ని చర్చిలో వాయించేవారన్న కథ బాగానే ఉంది గానీ, కథకు డబ్బులివ్వలేం కదా. నెక్, అంటే తీగలు నొక్కే పొడవాటి మెడ, విప్పి చూడనిస్తారా అని ముందే ఫోన్‌లో అడుగు. కుదరదంటే గుంటూరులో బస్సే ఎక్కకు.

విప్పకముందు ట్యూన్ చేసి, లావు తీగను మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీ) దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కిపెట్టి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడు. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే చాలు. వేలు దూరేంత ఉంటే నెక్ వంగిపోయినట్టే. ఈ పాత బేసులకు ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి ఇనుప కడ్డీ) మర నెక్ అడుగు చివర ఉంటుంది, విప్పితేనే సరిగ్గా అందుతుంది. అది అప్పటికే బిగిసిపోయి తిరగనని మొరాయిస్తే, మారు మాట్లాడకుండా లేచి వచ్చేయ్. అరిగిన ఫ్రెట్లకు మాత్రం కంగారు పడకు, మార్పించుకోవచ్చు.

ఇక తీగలు వదులు చేసి విప్పు. నెక్ బిగించిన చోట వెనక ఉండే లోహపు పలక మీది నంబరు చూపించి ఒట్లు వేస్తారు. ఆ పలకను నాలుగు స్క్రూలతో ఏ బేసుకైనా బిగించొచ్చు. నెక్ అడుగున ముద్ర ఉంటుంది: ముందు 7, తర్వాత నెల, 66, చివర ఒక అక్షరం. 7ని తారీఖు అనుకునేవు! అది జాజ్ బేస్‌కి కంపెనీ పెట్టుకున్న నంబరు. అక్షరం నట్ (నెక్ పైచివర తీగలు ఆనే పట్టీ) వెడల్పుకి.

తర్వాత నాబులున్న రేకు ఎత్తి, నాబుల కింద ఉండే వాల్యూమ్, టోన్ కంట్రోళ్ల, అంటే పాట్ల, వీపు చూడు. 1376633 అని ఉందనుకో, 137 పాట్ తయారుచేసిన సీటీఎస్ కంపెనీ, 66 ఏడాది, 33 వారం. కాకపోతే ఫెండర్ వాళ్లు 66లో పాట్లు కుప్పలుగా కొని, తర్వాత రెండు మూడేళ్లు అవే వాడారు. కాబట్టి 66 పాట్ కనిపించిందని పొంగిపోకు. నెక్ 66, పాట్ 72 అయితే మాత్రం ఎవరో మార్చారు. టంకం కూడా చూడు: పాతది మసకబారి ఉంటుంది, నిన్న మొన్న వేసింది మెరుస్తుంది. పికప్ (తీగల కింద మోతను అందుకునే అయస్కాంతపు కాయిల్) వైర్లకు ఆ రోజుల్లో గుడ్డ తొడుగే. ఒక్కో పికప్ వాల్యూమే తెరిచి, జాక్ నుంచి మల్టీమీటర్‌తో కొలువు. ఏడు వేల ఓములకు అటూ ఇటూ రావాలి. లక్ష దగ్గర చూపిస్తే కాయిల్ తెగినట్టే.

రంగు సంగతి నన్నడుగు. ఆర్కెస్ట్రాల్లో తిరిగే రోజుల్లో నా ప్రెసిషన్ బేస్ (ఫెండర్ వాళ్లదే ఇంకో మోడల్) మీద గీతలు పడ్డాయని ఆటోనగర్‌లో ఒక కారు షెడ్డుకిచ్చి నిగనిగలాడే ఎర్ర రంగు కొట్టించాను. పెళ్లి స్టేజీల మీద అందరూ మెచ్చుకున్నారు. తర్వాత అమ్మబోతే సగం ధరే పలికింది. ఇప్పటికీ మీ అత్తయ్య గుర్తు చేస్తుంది. అందుకే ముందువైపు ప్లాస్టిక్ పలక, పిక్‌గార్డ్, ఎత్తి చూడు. సన్‌బర్స్ట్‌లో, అంటే నడుమ పసుపు, అంచులకు నలుపు తిరిగే రంగులో, ఎరుపు వెలుతురుకి వెలిసిపోతుంది, ప్లాస్టిక్ కింద నిలుస్తుంది. లోపలా బయటా ఒకే ఎరుపైతే అనుమానించు. రంగు మారినా మోత బాగుంటే వాయించడానికి కొనుక్కో, బేరం మాత్రం ఆ లెక్కనే ఆడు.

తిరిగి బిగించేటప్పుడు స్క్రూని ముందు ఎడమకి తిప్పు. టక్కుమని పాత గాడిలో పడ్డాకే కుడికి బిగించు. వాళ్ల ముందే రంధ్రం పాడుచేశావంటే కొనక తప్పదు. పాట్ల వీపు ఫొటో స్పష్టంగా తీసి పంపు.

మీ మామయ్య