తైచీ చేస్తుంటే మోకాలి నొప్పి వస్తోంది... మానెయ్యాలా?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. మాది గుంటూరు. ఆర్నెల్ల క్రితం డాలస్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. ఇక్కడి సీనియర్ సెంటర్‌లో వారానికి రెండు రోజులు తైచీ (నెమ్మదిగా కదులుతూ చేసే చైనా వ్యాయామం) నేర్పుతుంటే వెళ్తున్నాను. కొద్దిరోజులుగా కుడి మోకాలు లోపలివైపు నొప్పి పుడుతోంది. ఒక కాలు ఎత్తితే తూలుతున్నాను. పదేళ్లుగా షుగర్ ఉంది. మావారు మానెయ్యమంటున్నారు. ఏం చెయ్యను?
- ఒక పాఠకురాలు

సలహా: మానొద్దమ్మా. మోకాళ్ల అరుగుదల ఉన్న 204 మంది మీద చేసి 2016లో ప్రచురించిన అమెరికన్ పరిశోధనలో, 12 వారాల తైచీ ఫిజియోథెరపీతో సమానంగా నొప్పి తగ్గించింది. మీరు మార్చుకోవాల్సింది తిరిగే పద్ధతి.

మోకాలు తలుపు బందు లాంటిది. ముడుచుకోవడం, చాచుకోవడం దాని పని. మెలి తిప్పితే ఓర్చుకోలేదు. కుడికాలి మీద బరువంతా ఉండగానే పక్కకి తిరిగారనుకోండి, పాదం నేలకి అతుక్కుని ఉంటుంది, నడుము తిరిగిపోతుంది, ఆ మెలి అంతా మధ్యలో ఉన్న మోకాలి మీద పడుతుంది. లోపలివైపు నొప్పికి తైచీ చేసేవాళ్లలో నేను ముందు అనుమానించేది ఇదే.

తైచీలో నిండు, ఖాళీ అని ఒక సూత్రం ఉంది. బరువున్న కాలు నిండు, లేనిది ఖాళీ. ఒక బిందెలో నీళ్లు రెండో బిందెలోకి వంచినట్టు బరువుని నెమ్మదిగా ఎడమకాలికి మార్చండి. కుడికాలు తేలికయ్యాకే మడమ మీద పాదాన్ని తిప్పండి. ఆ తర్వాతే నడుము, అదీ తుంటి కీలు దగ్గర్నుంచి. అద్దం ముందు నిలబడి చూసుకుంటే తెలుస్తుంది: మోకాలిచిప్ప పాదం రెండో వేలి వైపు చూస్తుండాలి, లోపలికి వాలకూడదు, కాలివేళ్లు దాటి ముందుకీ పోకూడదు. పక్కవాళ్లు ఎంత కిందికి దిగినా మీరు నొప్పి లేనంత వరకే దిగండి. ఎత్తుగా నిలబడి చేసినా అది తైచీయే.

ఇక తూలడం. అడుగు వేసేటప్పుడు రెండు పాదాలూ ఒకే గీత మీదకి వస్తున్నాయేమో గమనించండి. రైలు పట్టాల్లా మధ్యలో ఎడం ఉండాలి. ముందు బరువు లేకుండా మడమ ఆనించండి. కావాలంటే ఆ పాదాన్ని వెనక్కి తీసుకోగలిగితేనే బరువు మోపండి. తల సంగతికొస్తే, నెత్తిన నీళ్ల బిందెతో నడిచే మనిషిని తలుచుకోండి: మెడ నిటారుగా, భుజాలు వదులుగా, చూపు ఎదురుగా. చాలామంది పాదాల్ని చూసుకుంటూ ముందుకి వంగిపోతారు, తూలడం అక్కడే మొదలవుతుంది.

అయితే మీ విషయంలో షుగర్‌నీ చూడాలి. నిలకడకి కళ్లు, లోచెవి, అరికాళ్లు మూడూ సమాచారం పంపాలి. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే అరికాళ్ల స్పర్శ తగ్గొచ్చు. సన్నటి నైలాన్ పోగుతో చేసే మోనోఫిలమెంట్ పరీక్షకి రెండు నిమిషాలు కూడా పట్టదు, అడిగి చేయించుకోండి. అందాకా చెప్పులు లేకుండా సాధన చెయ్యొద్దు, పలచటి అడుగు ఉన్న బూట్లు వేసుకోండి. ఇంట్లో వంటగది గట్టు పక్కనే నిలబడి, వేళ్లు దానికి ఆనించి చెయ్యండి. కూర్చుని లేచేటప్పుడు కళ్లు తిరుగుతున్నా, బీపీ మాత్రలు వాడుతున్నా అదీ డాక్టరుకి చెప్పండి.

మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా, నడుస్తుంటే జారిపోయినట్టనిపించినా సాధన ఆపి ఆర్థోపెడిక్ డాక్టరుకి చూపించుకోవాలి. ఇవేవీ లేకపోయినా మూడు వారాల్లో నొప్పి తగ్గకపోతే అక్కడే చూపించుకోండి. ఖర్చని గుంటూరు వచ్చేదాకా ఆగొద్దు.