మాల్దీవులలో ఒంటరి డైవింగ్ ఎందుకు కాదంటారు, బొనైర్‌లో ఎందుకు సరేనంటారు

120 స్కూబా డైవ్‌లు పూర్తిచేసి, ఒంటరి డైవింగ్ శిక్షణ కార్డు కూడా తీసుకున్నాక, మాల్దీవుల రిసార్టులో మిమ్మల్ని ఒంటరిగా దిగనివ్వలేదని, ఇక ఆ కార్డు దేనికని అడిగారు. మాల్దీవులలోనూ, తరువాత ఆ కార్డుతోనూ నాకు అనుభవం ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ రిసార్టువారిని తప్పుపట్టలేము. వినోద డైవింగ్‌కు మాల్దీవులలో ప్రభుత్వ నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం 30 మీటర్లకు మించి లోతుకు వెళ్ళరాదు, ఒంటరిగా డైవ్ చేయరాదు. ఏ సంస్థ ఇచ్చిన కార్డయినా ఆ నిబంధనను దాటలేదు. అక్కడి సముద్రాన్ని చూసినవారికి అది అన్యాయంగా కూడా అనిపించదు. పగడపు దీవుల వలయాల మధ్య ఉండే కాలువలను అక్కడివారు కందు అంటారు. ఆటుపోట్ల సమయంలో నీరంతా ఆ దారుల గుండానే లోపలికీ బయటికీ ఉరుకుతుంది కనుక, దిగినచోటే పైకి తేలడం అరుదు, ధోనీ పడవే మనల్ని వెతుక్కుంటూ రావాలి.

అయితే ఎప్పుడూ జంటగానే డైవ్ చేయాలన్న నియమం కాగితం మీద ఉన్నంత భద్రంగా నీటిలో ఉండదని నాకు తెలిసింది కూడా అక్కడే. అంతకుముందు ముఖపరిచయం కూడా లేని ఒకాయనను నాకు బడ్డీగా, అంటే జంట డైవరుగా ఇచ్చారు. 22 మీటర్ల లోతులో మాంటా రే అనే పెద్ద రెక్కల చేప కనిపించగానే ఆయన కెమెరా పట్టుకుని దాని వెంట వెళ్ళిపోయారు. నేర్పిన పద్ధతి ప్రకారం ఒక నిమిషం వెతికాను, కనిపించకపోవడంతో 5 మీటర్ల దగ్గర సేఫ్టీ స్టాప్ (ఒంట్లో చేరిన నత్రజని తగ్గేందుకు పైకి వచ్చేముందు కాసేపు ఆగడం) ముగించి, పడవకు కనిపించేలా గుర్తుబెలూను వదిలి పైకి వచ్చాను. పది నిమిషాల తరువాత పడవెక్కిన ఆయనకు నేను పక్కన లేనన్న సంగతే తెలియదు. పేరుకు తోడున్నట్టే గాని, ఆ కాసేపు నేను ఒంటరి డైవరునే. పైగా ఒంటరి డైవరు దగ్గర తప్పక ఉండవలసిన రెండో సిలిండరు నా దగ్గర లేదు. తిరిగి వచ్చాక నేను ఆ శిక్షణలో చేరడానికి కారణం ఇదే.

డైవింగ్ శిక్షణ సంస్థలలో ఎస్‌డీఐ సంస్థ సోలో డైవర్ కోర్సుకు 21 ఏళ్ళ వయసు, ప్యాడీ సంస్థ సెల్ఫ్ రిలయంట్ డైవర్ కోర్సుకు 18 ఏళ్ళు అడుగుతాయి. రెండింటికీ కనీసం 100 డైవ్‌లు ఉండాలి. ఆ శిక్షణలో నాకు ఎక్కువగా ఉపయోగపడింది గాలి లెక్క. ప్రశాంతంగా ఉన్నప్పుడు ఉపరితలంలో నిమిషానికి 15 లీటర్లు పీల్చే నేను, కంగారులో 30 పీలుస్తానని అనుకుందాం. 30 మీటర్ల లోతులో పీడనం నాలుగింతలు కనుక, ఏదైనా చిక్కు విప్పుకోవడానికి పట్టే ఒక్క నిమిషానికే 120 లీటర్లు పోతాయి. నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడానికి సుమారు 250, మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్‌కు మరో 135 కలిపితే 500 లీటర్లు దాటుతుంది. 200 బార్ల పీడనానికి నింపిన 3 లీటర్ల పోనీ సిలిండరులో (అదనంగా వెంట ఉంచుకునే చిన్న రెండో సిలిండరు) 600 లీటర్ల గాలి ఉంటుంది. అంతకంటే చిన్నదాన్ని నమ్ముకుని ఆ లోతుకు వెళ్ళవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

ఆ కార్డు పనికొచ్చింది కరీబియన్‌లోని బొనైర్‌లో. 1979 నుంచి ఆ ద్వీపం చుట్టూ ఉన్న సముద్రం రక్షిత ఉద్యానవనం. పడమటి తీరం వెంట రోడ్డు పక్కన పసుపు రాళ్ళు డైవ్ స్థలాలను చూపుతాయి. రుసుము కట్టి, పరిచయ డైవ్ ముగించాక, వాహనంలో సిలిండర్లు వేసుకుని ఒడ్డునుంచే దిగవచ్చు. నేను వెళ్ళిన డైవ్ షాపువారు కార్డు, డైవ్‌లు నమోదు చేసుకునే లాగ్ బుక్, రెండో సిలిండరు మూడూ చూశాకే సరేనన్నారు. అదే షాపు పడవ మీదినుంచి మాత్రం ఒంటరిగా పంపలేదు, ఎందుకంటే పడవ ఎక్కిన ప్రతి మనిషికీ వారే బాధ్యులు. ఒడ్డునుంచి వెళ్ళినప్పుడు కూడా నేను 20 మీటర్ల లోపే ఉండేవాడిని. 1984లో మునిగిన హిల్మా హుకర్ ఓడ 30 మీటర్ల దగ్గర పక్కకు ఒరిగి ఉంటుంది. దాన్ని చూడడానికి తోడు దొరికేవరకు ఆగాను.

మన అండమాన్‌లో, స్వరాజ్ ద్వీప్‌లో నేను డైవ్ చేసిన కేంద్రాలేవీ గైడు లేకుండా పంపలేదు. అందుచేత విమాన టికెట్టు కొనకముందే షాపుకు ఈమెయిల్ రాసి, ఒడ్డునుంచి ఏమిటి, పడవనుంచి ఏమిటి అని విడివిడిగా అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. బీమా పాలసీలో ఒంటరి డైవింగ్ గురించి ఏమి రాశారో కూడా ముందే చదువుకోండి. పోనీ సిలిండరు అన్నిచోట్లా అద్దెకు దొరకదు. నేను సిలిండరు గాలిని నోటికి అందించే రెగ్యులేటరు రెండోది మాత్రమే వెంట తీసుకెళ్ళి సిలిండరు అక్కడే తీసుకుంటాను. లేదని ముందే చెబితే, ఆ ప్రయాణంలో గైడుతోనే దిగుతాను.