క్లిప్పులు తీశాక పళ్లపై తెల్ల మచ్చలు: అరగదీయాలా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లె. మా అమ్మాయికి పదిహేడేళ్లు. రెండేళ్ల పాటు ఉన్న క్లిప్పులను సంక్రాంతి తరువాత తీయించాము. పళ్ల వరుస చక్కగా కుదిరింది గానీ, పై ముందు పళ్లు నాలుగింటి మీద, క్లిప్పు అతికించిన చోటు చుట్టూ సుద్దముక్కతో గీసినట్లు తెల్ల మచ్చలు తేలాయి. ఒక డాక్టరు గారు అరగదీసి సిమెంటు పెడదామన్నారు, మరొకరు కొన్నాళ్లు ఆగమన్నారు. పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆగమన్న డాక్టరు గారి మాటే సబబుగా ఉంది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అవి ఇంకా గుంటలు కావు, పుచ్చుకు తొలి మెట్టు. పంటి పైపొర అయిన ఎనామెల్‌లో బరువు లెక్కన 96 శాతం ఖనిజమే; అందులో జీవకణాలు లేవు కాబట్టి ఒకసారి అరగదీసిన ఎనామెల్ మళ్లీ పెరగదు. క్లిప్పుల చుట్టూ బ్రష్ అందని మూలల్లో పాచి పేరుకుంటుంది, అందులోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లత వల్ల పీహెచ్ (పులుపును కొలిచే అంకె; ఎంత తగ్గితే అంత పులుపు) సుమారు 5.5 కంటే దిగినప్పుడల్లా ఎనామెల్ నుంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి పోతాయి. అయితే ఎనామెల్ పై పలక చాలావరకు నిలిచే ఉంటుంది, దాని అడుగున మాత్రం కంటికి కనబడని సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. పదునైన సూదితో ఆ మచ్చను గుచ్చి చూడవద్దని అనేది ఇందుకే: పై పలక విరిగితే నిజంగానే గుంట పడుతుంది.

మచ్చ తెల్లగా ఎందుకుంటుందో తెలియాలంటే బజ్జీలు చుట్టిన కాగితాన్ని గుర్తు చేసుకోండి. నూనె అంటిన చోట కాగితం పారదర్శకమై అవతలి అక్షరాలు కనబడతాయి, ఎందుకంటే నారల మధ్య గాలి ఉన్న చోటును నూనె ఆక్రమించి వెలుగు చెదిరిపోకుండా చేస్తుంది. పంటిలో జరిగేదీ అదే. వెలుగును వంచే గుణం ఎనామెల్‌కు 1.62, నీటికి 1.33, గాలికి 1.0. ఎనామెల్‌కూ దాని రంధ్రాల్లో నిండినదానికీ ఈ అంకెల్లో తేడా ఎంత ఎక్కువైతే వెలుగు అంత చెదిరి, మచ్చ అంత తెల్లగా కనబడుతుంది. అందుకే దూదితో తుడిచి ఆరబెడితే మచ్చ కొట్టొచ్చినట్లు కనబడుతుంది, నాలుకతో తడిపితే కొంత మసకబారుతుంది. తడిగా ఉన్నప్పుడు కూడా స్పష్టంగా కనబడే మచ్చ కాస్త లోతైనదని అర్థం.

మొదటి కొన్ని నెలలు లాలాజలానికి అవకాశం ఇవ్వండి. పోయిన ఖనిజాన్ని కొంత అదే తిరిగి చేరుస్తుంది. 1,000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) లేదా అంతకు మించి ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకుని, నురుగు ఉమ్మేసి, నీళ్లు పోసి పుక్కిలించకుండా వదిలేయాలి. 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్‌ను మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టరు చేత పూయించవచ్చు. బొగ్గుపొడి, ఉప్పు పెట్టి రుద్దించవద్దు. బెల్లం టీ మంచిదే కదా అని రోజుకు నాలుగైదుసార్లు ఇవ్వకండి. పంచదారకూ బెల్లానికీ తేడా పాచిలోని సూక్ష్మజీవులకు తెలియదు.

అప్పటికీ మచ్చలు మిగిలితే, పై పలక చెక్కుచెదరకుండా ఉంటే, రెసిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ అనే, రంధ్రాల్లోకి రెసిన్ (వెలుగు తగిలితే గట్టిపడే జిగురు ద్రవం) ఇంకించే పద్ధతి ఉంది. జర్మనీలో బెర్లిన్, కీల్ నగరాల పరిశోధకులు రూపొందించిన ఈ విధానం 2009లో మార్కెట్లోకి వచ్చింది. చిగురుకు రబ్బరు తెర కట్టి, 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లపు జెల్‌ను రెండు నిమిషాలు ఉంచి కడిగేస్తారు. ఒక్కసారి పూస్తే పోయే పొర తల వెంట్రుక మందం కన్నా తక్కువే. తరువాత ఆల్కహాల్‌తో ఆరబెట్టి, పలుచని రెసిన్‌ను మూడు నిమిషాలు ఇంకనిచ్చి, నీలి వెలుగుతో గట్టిపరుస్తారు. రెసిన్ వెలుగును వంచే గుణం దాదాపు 1.5, అంటే ఎనామెల్‌కు దగ్గర. కాగితంలో నూనె చేసిన పనే ఇక్కడ రెసిన్ చేస్తుంది. డ్రిల్లు, సూది అవసరం ఉండవు. గుంట పడిన పంటికి మాత్రం ఇది పనికిరాదు, లోతైన మచ్చ పూర్తిగా మాయమవుతుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మవద్దు. శ్రీకాకుళం, విశాఖపట్నంలలో దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. రెండో అభిప్రాయం అక్కడ తీసుకోవచ్చు.

ప్రశ్న: నరసన్నపేట నుంచి రాస్తున్నాను. మా మనవడికి అయిదేళ్లు, రెండు పాల పళ్లు పుచ్చాయి. మందు పూస్తాం, కానీ నల్లబడుతుందని డాక్టరమ్మ అన్నారు. నమ్మవచ్చా?

జవాబు: నమ్మవచ్చు. అది 38 శాతం సిల్వర్ డయామీన్ ఫ్లోరైడ్. వెండి సూక్ష్మజీవులను చంపుతుంది, ఫ్లోరైడ్ మెత్తబడిన భాగాన్ని గట్టిపరుస్తుంది. పుచ్చిన చోటు శాశ్వతంగా నల్లబడుతుంది, ఆరోగ్యంగా ఉన్న పన్ను నల్లబడదు. పెదవికి అంటితే ఆ మరక కొన్నాళ్లకు పోతుంది. ఆరు నెలలకోసారి మళ్లీ పూయించాలి. బాబుకు రాత్రిపూట నొప్పి, చిగురు వాపు ఉంటే ఈ మందు చాలదు, వెంటనే చూపించండి. వెండి పడని పిల్లలకు దీనిని వాడకూడదు.