ఒకే సర్వర్‌లో ఒకరి ఫైళ్లు మరొకరు తెరవకుండా చేయడం ఎలా?

విశాఖపట్నం సిరిపురంలోని ఒక చిన్న కార్యాలయంలో అకౌంట్స్, డిజైన్ విభాగాలు ఒకే లినక్స్ సర్వర్‌ను వాడుతున్నాయనీ, ఒకరి ఫైళ్లు మరొకరు చూడకుండా ఆపాలనీ అడిగారు.

ముందుగా హోమ్ ఫోల్డర్లను పరిశీలించండి. ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) 21.04 కంటే పాత వెర్షన్లలో సృష్టించినవి సాధారణంగా 755 అనుమతితో (యజమానికి పూర్తి అధికారం, మిగతావారికి చూసే వీలు) ఉంటాయి కనుక, సర్వర్‌లో ఖాతా ఉన్న ఎవరైనా వాటిలోకి తొంగిచూడగలరు. అనుమతులు మార్చే సీహెచ్‌మోడ్ ఆదేశంతో 700 (యజమానికి మాత్రమే) చేస్తే సరిపోతుంది. సుడో (అడ్మిన్ స్థాయి) అధికారం ఉన్నవారిని మాత్రం ఇది ఆపదు.

ఉమ్మడి పనికి విభాగానికొక గ్రూపు పెట్టి, ఆ గ్రూపు పేరిట ఉన్న ఫోల్డర్‌కు 2770 (యజమానికీ, గ్రూపుకూ పూర్తి అధికారం, ఇతరులకు ఏమీ ఉండదు) ఇవ్వండి. ముందున్న 2 వల్ల, అందులో కొత్తగా సృష్టించే ఫైలుకు, సృష్టించినవారి సొంత గ్రూపు కాక, ఫోల్డర్ గ్రూపే వర్తిస్తుంది. అయితే దాన్ని సహోద్యోగి కూడా మార్చగలగాలంటే కొత్త ఫైళ్ల అనుమతులను నిర్ణయించే యూమాస్క్ 007గా ఉండాలి. చాలామంది ఇక్కడే విసిగిపోయి 777 (అందరికీ అన్ని అనుమతులూ) ఇచ్చేస్తారు, అంటే తలుపులు బార్లా తెరిచేసినట్టే.

బయటి క్లయింట్లకు షెల్ (ఆదేశాలు టైప్ చేసే వీలు) ఇవ్వకుండా, ఎస్‌ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపుకునే సురక్షిత పద్ధతి) మాత్రమే ఇచ్చి సీహెచ్‌రూట్‌కు, అంటే దాటి బయటకు వెళ్లలేని ఒక ఫోల్డర్‌కు, పరిమితం చేయడం మేలు. ఆ ఫోల్డరూ, దాని పైనున్నవీ రూట్ (సర్వర్ ప్రధాన నిర్వాహక ఖాతా) పేరిట ఉండి, ఇతరులకు రాసే అనుమతి లేకపోతేనే, ఎస్‌ఎఫ్‌టీపీని నడిపే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌ను అంగీకరిస్తుంది. అందుచేత అప్‌లోడ్‌ల కోసం లోపల క్లయింటు పేరిట వేరొక ఫోల్డర్ ఏర్పాటు చేయాలి.