ముందు ఏది కనపడాలో తేల్చుకోండి, మసక సంగతి తరువాత

వెనుక భాగం మసకగా రావాలని ఎఫ్ సంఖ్య తగ్గిస్తే ఎక్స్‌పోజర్ (ఫోటోకు అందే వెలుతురు) కూడా ఎందుకు మారిపోతోందని మీరు అడిగారు. రెండింటినీ శాసించేది లెన్సులోని ఒకే రంధ్రం, అంటే ఎపర్చర్. ఎఫ్ సంఖ్య తగ్గితే అది పెద్దదవుతుంది; వెలుతురు ఎక్కువ వస్తుంది, స్పష్టంగా వచ్చే మేర తగ్గుతుంది. 50 మిల్లీమీటర్ల లెన్సులో ఎఫ్ 1.8 దగ్గర దాని వెడల్పు సుమారు 28 మిల్లీమీటర్లు, ఎఫ్ 8 దగ్గర 6 మాత్రమే. ఈ సంగతి నాకు ఫిరంగిపురం దగ్గర, మా పెద్దమ్మ వాళ్ల మిరప కల్లంలో బోధపడింది.

ఆమె తాలు కాయలు ఏరుతూ, దోసిట్లో కొన్నింటిని నావైపు చాచి చూపించింది. నేను రెండు మీటర్ల దూరంలో కూర్చుని, ఎఫ్ 1.8, సెకనులో 4000వ వంతు షట్టర్‌తో, దోసిలి మీద ఫోకస్ చేసి తీశాను. కెమెరా తెర మీద అద్భుతంగా కనిపించిన ఆ ఫోటోను గుంటూరు వచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే, కాయల తొడిమలు స్పష్టంగా ఉన్నాయి కానీ పెద్దమ్మ కళ్లు కరిగిపోయాయి. నా క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరాలో ఎఫ్ 1.8 దగ్గర, అంత దూరానికి ముందు నుంచి వెనక్కి స్పష్టంగా వచ్చే మందం సుమారు 11 సెంటీమీటర్లు. చేతికీ ముఖానికీ మధ్య దూరమేమో మూరెడు. పైగా ఎండలో ఎర్రటి రాశి ఒకే రంగు ముద్దలా వచ్చింది, ఎందుకంటే నేను మొత్తం వెలుతురు హిస్టోగ్రామ్‌నే (ఫోటోలో చీకటి, వెలుగుల పంపకాన్ని చూపే గ్రాఫు) చూశాను తప్ప ఎరుపు గ్రాఫు కుడి అంచు దాటిపోయిందని గమనించలేదు. వారం తరువాత మళ్లీ వెళ్లేసరికి రాశి టిక్కీలకెక్కి (మిర్చి బస్తాల్లోకి చేరి) మిర్చి యార్డుకు వెళ్లిపోయింది.

మసకే గొప్పదనమని చెప్పి లెన్సులు అమ్మేవారి మీద నాకు కోపం. విజయవాడ పెళ్లి ఆల్బములలో వధువు కనురెప్పలు తప్ప, పక్కనే వరుడి కాళ్లు కడుగుతున్న తండ్రి ముఖం కనిపించని కన్యాదానం ఫోటోలు ఎన్ని చూశానో! ఏది కనపడాలో నిర్ణయించుకుని ఎపర్చర్ పెట్టాలి. తగ్గిన వెలుతురును షట్టర్‌తోనో ఐఎస్ఓతోనో (కెమెరా వెలుతురుకు స్పందించే స్థాయి) పూడ్చాలి.

మరుసటి ఏడాది అదే కల్లంలో ఎఫ్ 8 పెట్టాను. వెలుతురు దాదాపు 20 రెట్లు తగ్గింది కనుక షట్టర్‌ను 200వ వంతుకు దించాలి. ఎరుపు నిలవడానికి ఇంకొంచెం తక్కువ వెలుతురుతో 320వ వంతు దగ్గర ఆపి, దోసిలికీ ముఖానికీ నడుమ ఫోకస్ చేశాను. తాలు కాయ మీది తెల్లమచ్చా, పెద్దమ్మ కళ్లూ రెండూ దక్కాయి. దూరాన ఉన్న కొండవీటి కొండ అప్పుడు కూడా మెత్తగా, మసకగానే వచ్చింది.