అద్దాన్ని తిప్పి చూడమ్మా

అమ్మలూ,

లెన్స్‌లు, అద్దాలు టెస్ట్ చేసే ల్యాబ్‌లో చేరావని, కాంతి అలల ఆకారం కొలిచే షాక్-హార్ట్‌మన్ సెన్సర్ నీకే అప్పగించారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఏళ్ల తరబడి ఆ పనిలోనే ఉన్నవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ సెన్సర్‌లో బుల్లి లెన్స్‌లు గళ్లగళ్లుగా ఉంటాయి కదా. వచ్చే వేవ్‌ఫ్రంట్, అంటే కాంతి అల ముందుభాగం, చదునుగా ఉంటే కెమెరాలో చుక్కలు ముగ్గు చుక్కల్లా తీరుగా పడతాయి. ఎక్కడ వాలు ఉంటే అక్కడి చుక్క పక్కకి జరుగుతుంది. దాన్నిబట్టే సాఫ్ట్‌వేర్ రంగుల మ్యాప్ గీస్తుంది. ఆ మ్యాప్‌ని వెంటనే నమ్మకు. అందులో అద్దం తప్పుతో పాటు బల్ల మీది మిగతా లెన్స్‌లు, అద్దాన్ని పట్టి ఉంచే మౌంటు, మధ్యలో కదిలే గాలి, అన్నీ కలిసిపోయి ఉంటాయి. అందుకే ముందు మంచి రిఫరెన్స్ అద్దం పెట్టి సెటప్ సొంత తప్పెంతో కొలిచి పెట్టుకో.

ఒకసారి ఓ అద్దంలో ఆస్టిగ్మాటిజం (ఒక దిక్కున ఒకలా, అడ్డదిక్కున ఇంకోలా వంగి ఉండటం) కనిపిస్తే నేను పాలిషింగ్‌కి తిప్పి పంపేశాను. తీరా చూస్తే మౌంటులో ఒక స్క్రూ ఎక్కువ బిగించాను, అంతే. మంచి అద్దాన్ని అనవసరంగా అరగదీయించానని ఇప్పటికీ బాధే. అప్పటినుంచి అద్దం అంచు మీద పెన్సిల్‌తో గీత పెట్టి, ఒకసారి కొలిచి, 90 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలిచేవాణ్ణి. మ్యాప్‌లో తప్పు చూపే మచ్చ గీతతో పాటు తిరిగితే తప్పు అద్దానిది. ఉన్నచోటే ఉంటే మౌంటుదో సెటప్‌దో.

చేత్తో పట్టుకున్న అద్దాన్ని వెంటనే కొలవకు, వేడి తగ్గనివ్వు. ఏసీ గాలి తగలకుండా చూసి, చాలా ఫ్రేములు తీసి సగటు చెయ్యి.

రిపోర్టులో వేవ్‌ఫ్రంట్ తప్పు రాస్తున్నావో, ఉపరితలం తప్పు రాస్తున్నావో స్పష్టంగా చెప్పు. అద్దానికి నేరుగా తగిలి వెనక్కి వచ్చే కాంతిలో తప్పు రెట్టింపు అవుతుంది. 632.8 నానోమీటర్ల లేజర్‌తో పావు వేవ్ (అల పొడవులో నాలుగో వంతు) తప్పు అంటే వేవ్‌ఫ్రంట్‌లో 158 నానోమీటర్లు, ఉపరితలం మీద అది 79 మాత్రమే.

హబుల్ అంతరిక్ష టెలిస్కోపు సంగతి తెలుసుగా. 2.4 మీటర్ల అద్దం అంచు దగ్గర 2.2 మైక్రాన్లు తేడాగా తయారైంది. టెస్ట్ పరికరంలో ఒక లెన్స్ 1.3 మిల్లీమీటర్లు తప్పుచోట ఉండటమే కారణం. వేరే టెస్టుల్లో తేడా కనబడినా, వాటిని పక్కనపెట్టి ఆ ఒక్కదాన్నే నమ్మారు. 1990లో పైకి పంపాకగానీ బయటపడలేదు. అందుకే కత్తి అంచు టెస్టు, అంటే కాంతి ఒకచోట కలిసే దగ్గర కత్తి అంచు అడ్డుపెట్టి నీడలు చూడటం, కూడా చెయ్యి. రెండూ కలవకపోతే, ఎవరు తొందరపెట్టినా పాస్ అని సంతకం పెట్టకు.

మొదటి అద్దం మ్యాప్‌లు, తిప్పకముందుదీ తిప్పిన తర్వాతదీ, నాకు పంపు. ఆదివారం ఫోన్‌లో కలిసి చూద్దాం.

ఇట్లు,
పెదనాన్న