సిలికాన్ యానోడ్ వస్తే స్కూటర్ బ్యాటరీ పదోవంతు బరువుకు దిగుతుందా?

దిగదండీ. సిలికాన్ "పదింతలు" ఛార్జ్ పట్టుకుంటుందని మీరు విన్న లెక్క యానోడ్ (ఛార్జ్ ఎక్కేటప్పుడు లిథియంను దాచుకునే ధ్రువం) పదార్థానికే, మొత్తం బ్యాటరీకి కాదు.

ఇప్పటి యానోడ్లు ఎక్కువగా గ్రాఫైటే. ఒక్క లిథియంను పట్టుకోడానికి ఆరు కార్బన్లు కావాలి. అందుకే గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్ అవర్ల (పట్టే ఛార్జ్‌కు కొలత) దగ్గర ఆగిపోతుంది. సిలికాన్‌లో నాలుగు పరమాణువులే పదిహేను లిథియంలను పట్టేస్తాయి; గ్రాముకు దాదాపు 3,600.

చిక్కంతా ఉబ్బుతోనే. పూర్తిగా ఛార్జ్ ఎక్కితే పూరీలా పొంగి మూడు నాలుగింతలవుతుంది, దిగితే ముడుచుకుంటుంది. రోజూ ఇదే తంతు అయితే రేణువులు పగలకేం చేస్తాయి? పగిలిన ప్రతి కొత్త ముఖం మీదా ఎలక్ట్రోలైట్ (ధ్రువాల మధ్య ఉండే ద్రవం) పొర కట్టి, ఆ పొర లిథియంను మింగేస్తుంది. సామర్థ్యం తరిగిపోతుంది. నానో రేణువులు, కార్బన్ తొడుగు, సాగే బైండర్లు (రేణువులను పట్టి ఉంచే జిగురు) అన్నీ దీనికి విరుగుడులే. గ్రాఫైట్‌లో కొద్దిగా సిలికాన్ ఆక్సైడ్ కలిపే పద్ధతి ఇప్పటికే వాడుకలో ఉంది. ప్రస్తుతానికి నాకు అదే సబబనిపిస్తుంది.

ఇక కాథోడ్, అంటే బ్యాటరీలోని రెండో ధ్రువం. అది గ్రాముకు 200 అటూ ఇటూ, బరువులో పెద్ద వాటా దానిదే. యానోడ్ బరువు సున్నా అయినా, విశాఖలో మీ స్కూటర్ సింహాచలం ఘాట్ ఎక్కేది ఆ కాథోడ్‌ను మోసుకుంటూనే.